మూలనపడ్డ సైకిలు

మీ ఇంట్లో వరండాలోనో, మేడమెట్ల కిందో ఓ సైకిలు ఉందా? ఉంటే ఒక్కసారి వెళ్ళి చూసి రండి. హ్యాండిలుకు గోనెసంచీ వేలాడుతూ ఉంటుంది. క్యారియరు మీద పాత పేపర్ల కట్ట. సీటు మీద ఆరేసిన కాళ్ళపట్ట. అవునా, కాదా? మా ఇంట్లోనూ రెండేళ్ళకు పైగా అదే వరస. వచ్చిన చుట్టాలు "ఇదెవరిదమ్మా?" అని అడిగితే "నాదే" అని చెప్పడానిక్కూడా ఏదోలా ఉండేది. నాదే అంటే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది కదా, "మరి తొక్కడం లేదేం?" అని!

ఈ రెండో ప్రశ్నకు మనమంతా ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది. "బద్ధకం" అంటాం. నాకా మాట గిట్టదు సుమండీ. తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గేసి, పిల్లలకూ పెద్దలకూ టిఫిన్లు చేసి, బాక్సులు కట్టి పంపే మనిషికి అరగంట సైకిలు తొక్కడానికి బద్ధకమట! వినడానికే విడ్డూరంగా లేదూ? తొక్కాలన్న కోరిక పోవడానికి ఏదో ఒక కారణం ఉంటుంది. అదేమిటో తెలియనప్పుడు బద్ధకం అని పేరు పెట్టేసి ఊరుకుంటాం.

మా వీధిలోనే చూడండి. ఒకావిడ మోకాళ్ళ నొప్పులని మానేసింది. తీరా చూస్తే ఆవిడ సైకిలు సీటు మరీ కిందికి దిగిపోయి ఉంది. చిన్నపిల్లల సైకిలు తొక్కుతున్నట్టు మోకాళ్ళు గుండెల దాకా వచ్చేవి. నొప్పులు రాక ఏం చేస్తాయి! సీటు మీద కూర్చుని, పెడలు అన్నింటికన్నా కిందికి ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. అంతే లెక్క. తర్వాత మునివేళ్ళ దగ్గర పెడలు పెట్టి తొక్కితే మోకాలు కాస్తంత వంగుతుంది, సరిపోతుంది. రిపేరు షాపులో ఒక్క నిమిషం పని. ఆ నిమిషం పని చేయించక ఆవిడ ఏడాది పాటు "నాకిక వయసైపోయింది" అనుకుంటూ కూర్చుంది. ఇంకో అమ్మాయిని ఓ కుక్క వెంటపడింది, ఆమె మళ్ళీ సైకిలెక్కలేదు. మరో ఇంట్లోకి స్కూటీ వచ్చింది, సైకిలు పెరట్లోకి పోయింది. ఇవన్నీ బద్ధకాలేనా చెప్పండి?

నా సంగతి వీటిలో దేనికీ చెందదు. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నేను సైకిలు నేర్చుకున్నది 1980లో. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మాది దొరవారిసత్రం దగ్గర పల్లె. అద్దె సైకిళ్ళ షాపులో చిన్న సైకిలు దొరికేది కాదు, మగపిల్లలంతా పొద్దున్నే పట్టుకుపోయేవాళ్ళు. మాకు మిగిలేది పెద్ద సైకిలే. నడిమి కమ్మీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఓ పక్కకు వంచి తొక్కేవాళ్ళం. మీలో నా వయసు వాళ్ళకు ఆ తిప్పలు గుర్తుండే ఉంటాయి. అంతకు ముందు ఏడాదే, 1979 ఆగస్టులో, శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు సముద్రంలో పడిపోయింది. నేను మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ ఇంటికొస్తే మా నాన్న, "షార్ వాళ్ళదే పడింది, నీదెంతమ్మా!" అని నవ్వేవాడు. జూలై 18న అదే రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని పైకి చేర్చింది. నాకు మాత్రం కమ్మీ మీదుగా కాలు వేసి సీటెక్కడానికి దసరా దాకా పట్టింది.

పెళ్ళయి సూళ్లూరుపేటకు వచ్చాక సైకిలు ఊసే లేదు. అత్తగారింట కోడలు సైకిలెక్కడమా! ఎవరూ వద్దనలేదు, నేనూ అడగలేదు. అలా ఇరవై ఏళ్ళు దొర్లిపోయాయి. మా అమ్మాయి హైస్కూలుకు వచ్చాక దానికో లేడీబర్డ్ కొన్నాం. అది చదువుకని చెన్నై హాస్టలుకు వెళ్ళిపోగానే ఆ సైకిలు నాకు దక్కింది. మన ఇళ్ళల్లో వస్తువులు తల్లి నుంచి కూతురికి పోతాయంటారు గానీ, చూడండి, ఇది కూతురి నుంచి తల్లికొచ్చింది.

నన్ను మళ్ళీ సైకిలెక్కించింది మాత్రం మా ఎదురింటి అక్క. నాకంటే ఆరేళ్ళు పెద్ద. 2014లో ఓ రోజు వాళ్ళ మనవడి కోసమని కొన్న సైకిలు మీద తనే వచ్చి మా గేటు ముందు దిగింది. "ఏందిమే అట్టా చూస్తుండావు? నీది బయటికి తీయి. ఎండ రాకముందే పోయొద్దాం" అంది. అంతే! ఆ రోజు నుంచి ఏడేళ్ళు, వానలొచ్చినప్పుడూ, ఇంట్లో ఏదైనా అడ్డమొచ్చినప్పుడూ తప్ప, వారంలో నాలుగు రోజులు మేమిద్దరం రోడ్డు మీదే.

మీరెప్పుడైనా మా ఊరొచ్చారా? వస్తే చెంగాళమ్మ తల్లిని చూసుకుని, కాళంగి ఒడ్డున కాసేపు కూర్చుని, లోకల్ బండెక్కి వెళ్ళిపోతారు. రాకెట్టు చూడటానికి వచ్చేవాళ్ళు శ్రీహరికోట దారి పడతారు. సుమారు పద్ధెనిమిది కిలోమీటర్లు ఉంటుంది. ఆ దారిలో కొంత దూరం పోయాక ఊళ్ళు అయిపోయి, రోడ్డుకు అటూ ఇటూ పులికాట్ సరస్సు మొదలవుతుంది. నీళ్ళున్న కాలంలో సరస్సు నడుమ గీత గీసినట్టు ఒక్క రోడ్డే కనిపిస్తుంది. ఎండాకాలంలో అవే నీళ్ళు ఇంకిపోయి బీటలు వారిన బురద నేల మిగులుతుంది. అక్కా నేనూ ఆ నీళ్ళ మొదట్లో దాకా పోయి, సైకిళ్ళు స్టాండు వేసి, ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ తాగి వెనక్కి తిరిగేవాళ్ళం. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి కదా, దూరంగా తెల్లటి గీతలా ఉండేవి. ఒక్కసారిగా లేచాయంటే రెక్కల కింద ఎరుపు కనిపించేది. "చూడు మే, లోపల రవిక గుడ్డ ఎంత బాగుందో" అనేది అక్క!

ఏం మాట్లాడుకునేవాళ్ళం అంటారా? అన్నీ. కోడళ్ళు, అప్పులు, గర్భసంచి ఆపరేషన్లు, కొరమీను పులుసులో మామిడికాయ వేయాలా వద్దా. పక్కపక్కన కూర్చుని చెప్పుకోలేని మాటలు కొన్ని సైకిలు మీద సులువుగా వస్తాయి. ఇద్దరి చూపూ ముందుకే ఉంటుంది కదా, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు.

2021 మే నెలలో కరోనా అక్కను తీసుకుపోయింది. పదకొండు రోజులు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర చెయ్యి ఊపింది. అంతే, ఆ తర్వాత మనిషిని చూడలేదు. ఆ నెలల్లో ఎన్ని ఇళ్ళల్లో ఇలా జరిగిందో మీకు నేను చెప్పాలా!

అందరూ అనుకున్నట్టు నేనేమీ సైకిలు చూసి కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఇక తొక్కకూడదని ఒట్టూ పెట్టుకోలేదు. ఊరికే తొక్కాలనిపించలేదంతే. అలారం మోగేది, ఆపేదాన్ని. నాలుగు రోజులకు అలారం పెట్టడమే మానేశాను. తర్వాత గాలి దిగింది. ఆ పైన చైను తుప్పు పట్టింది. ఆ తర్వాత గోనెసంచీ వచ్చి హ్యాండిలెక్కింది.

మరి ఇంట్లో వాళ్ళు ఊరుకుంటారా? మా అమ్మాయి చేతికి కట్టుకునే గడియారం ఒకటి పంపింది, రోజుకెన్ని అడుగులు వేశామో లెక్కపెట్టేది. అది గంటకోసారి "లేచి తిరుగు" అని చేతి మీద గిల్లేది. నేను దోసె పెనం ముందు నిలబడి ఉన్నప్పుడే దానికి నా ఆరోగ్యం గుర్తొచ్చేది! మావారు పేపరులో వచ్చినవన్నీ చదివి వినిపించేవారు. పెద్దవాళ్ళు వారానికి కనీసం నూటయాభై నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఏదో ఒకటి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోందట. నిజమే. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. లెక్క నాకూ వచ్చు. షుగరు అంచు మీద ఉంది జాగ్రత్త అని డాక్టరమ్మ కూడా చెప్పింది. ఇవన్నీ మంచి మాటలే, కాదనను. కానీ మంచి మాటలతో ఆకలి పుట్టదు చూడండి, ఇదీ అంతే. కంచం ముందు కూర్చుని "అన్నం ఒంటికి మంచిది" అనుకుంటూ తింటామా?

2023 జూన్‌లో బడులు తెరిచారు. మా ఇంట్లో పని చేసే అమ్మాయి ఓ పల్లె నుంచి షేర్ ఆటోలో వస్తుంది. దాని కూతురు ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. బడి మూడు కిలోమీటర్ల పైమాటే. ఆటోకు రోజూ ఇరవై రూపాయలు కావాలి, అది దొరకని రోజు పిల్ల ఇంట్లోనే. "ఈ ఏడు మాన్పించేస్తానమ్మా, మా అక్క కొడుకు ఉండాడు" అంది ఆ అమ్మాయి, గిన్నె తోముతూ. ఎంత మామూలుగా అందో! ఎనిమిదో తరగతి పిల్ల సంగతి అది.

నా కళ్ళు వరండాలో సైకిలు మీద పడ్డాయి. గోనెసంచీ తీసేశాను.

ఇచ్చేద్దామనే అనుకున్నాను, నిజంగా. రిపేరు షాపుకు నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. రెండు ట్యూబులు, ముందు టైరు, చైను, బ్రేకు రబ్బర్లు, మొత్తం పదకొండు వందల యాభై అయింది. "అమ్మా, చాన్నాళ్ళకు!" అన్నాడు షాపతను. ఇంకేమీ అడగలేదు, మంచివాడు. తిరిగి వచ్చేటప్పుడు కూడా నడిపించుకునే వచ్చాను.

తీరా పిల్లను పిలిచి ఇస్తే, దానికి తొక్కడం రాదు! వాళ్ళమ్మకూ రాదు. ఇంట్లో సైకిలే లేనప్పుడు ఎలా వస్తుంది? ఇక నేర్పక తప్పిందా?

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. పెద్దపిల్లలకూ పెద్దవాళ్ళకూ సైకిలు నేర్పేటప్పుడు మనం వెనక క్యారియరు పట్టుకుని పరుగెత్తుతాం కదా, అదంత మంచి పద్ధతి కాదు. మన పట్టు మీద ఆధారపడి వాళ్ళకు తూకం అందదు. ముందు సీటు బాగా దించేయండి, రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనాలి. వీలుంటే పెడళ్ళు విప్పించేయండి. కాళ్ళతో నేలను తన్నుకుంటూ, నడుస్తున్నట్టే ముందుకు పోనివ్వండి. కొంచెం పల్లంగా ఉన్న చోటయితే ఇంకా మంచిది. రెండు మూడు రోజుల్లో కాళ్ళు వాటంతటవే పైకి లేస్తాయి. అప్పుడు పెడళ్ళు బిగించుకోవచ్చు. ముందు చక్రాన్ని చూడనివ్వకండి, దూరంగా ఏదైనా చెట్టును చూడమనండి. బ్రేకు వెనకది ముందు, ముందుది తర్వాత. చున్నీని మాత్రం నడుముకు గట్టిగా ముడి వేయించండి. అది చక్రంలో పడితే వచ్చే ప్రమాదం చిన్నది కాదు.

సాయంత్రాలు బడి గ్రౌండులో నేర్పాను. జూలై 14న చంద్రయాన్-3 పంపిన రోజు మాత్రం పాఠం లేదు. మధ్యాహ్నం రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకు రాకెట్టు. ఆ రోజు మా ఊళ్ళో కార్లూ బస్సులూ ఎక్కడివక్కడే. అందరం మిద్దెలెక్కి చూశాం. అన్నట్టు, మన దేశంలో రాకెట్ల తొలినాళ్ళలో, 1960ల్లో, కేరళలోని తుంబాలో రాకెట్టు ముక్కు భాగాన్ని సైకిలు క్యారియరు మీద పెట్టుకుని నడిపించుకుపోతున్న ఫోటో మీరు చూసే ఉంటారు. ఆ మాట చెబితే పిల్ల నమ్మలేదు. ఫోనులో ఫోటో చూపిస్తే, "పెద్దమ్మా, వాళ్ళు కూడా తొక్కట్లేదు, నడిపిస్తున్నారు, నీ మాదిరే!" అంది. దాని నోరు మంచిదే!

ఆ మరుసటి రోజో, దాని మరుసటి రోజో గుర్తులేదు. మలుపు తిప్పడం దానికి రావడం లేదు. హ్యాండిలు తిప్పుతోంది తప్ప ఒళ్ళు వంచడం లేదు. మాటల్లో ఎంత చెప్పినా అర్థం కాదు కదా, "ఇట్టా ఇవ్వు" అని తీసుకుని నేనెక్కాను. గ్రౌండు చుట్టూ ఒక రౌండు, మలుపు చూపించడానికి. రెండో రౌండు కూడా మలుపు చూపించడానికే. మూడో రౌండుకు పిల్ల గట్టు మీద కూర్చుని బఠాణీలు తింటోంది, నా వైపు చూడటం లేదు. నేను మాత్రం తొక్కుతూనే ఉన్నాను.

తొడలు మండాయి, ఊపిరి అందలేదు, రెండేళ్ళ తుప్పు నాలోనూ ఉంది మరి. కానీ మొహానికి గాలి తగిలింది. అలారం లేకుండా, గడియారం గిల్లకుండా, "ఇంకో రౌండు" అనిపించడం ఎన్నాళ్ళకో! దిగాక సైకిలు పక్కన నిలబడి కాసేపు ఏడ్చాను. అక్క పోయినప్పుడు రాని ఏడుపు. పిల్ల కంగారుపడి "పడ్డావా పెద్దమ్మా?" అని అడిగింది. లేదన్నాను.

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా సంగతి మీలో కొందరైనా వినే ఉంటారు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం, అరివొళి ఇయక్కం అంటారు, జరిగినప్పుడు అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ అనే ఆవిడ, ఆడవాళ్ళకు చదువుతో పాటు సైకిలు నేర్పించడాన్నీ అందులో చేర్చారు. పొలం కూలీలు, రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, నర్సులు, టీచర్లు, అందరూ నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారట. లక్ష మందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలెక్కారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. దాదాపు ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లాలోనూ అక్షరాస్యత తరగతులు నడిచాయి. (సూళ్లూరుపేట అప్పుడు నెల్లూరు జిల్లాయే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చాం.) ఇక్కడ చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఒకేలాంటి పలకా బలపం అక్కడ సైకిలైంది, ఇక్కడ సారా అంగడికి తాళమైంది. మనకు రెండోది చాలా గొప్పగా జరిగింది. మొదటిది కూడా జరిగి ఉంటే ఎంత బాగుండేదో అని నాకో చిన్న కొరత.

బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతికి వచ్చిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని తేల్చారు. అదీ బడికి దూరంగా ఉన్న పల్లెల్లోనే ఎక్కువట. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో కొన్నేళ్ళు తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. ఆ మూడు కిలోమీటర్లు మనకు చిన్నవే. ఆటో డబ్బులు లేని పిల్లకు అవే పెళ్ళి పీటల దాకా తీసుకుపోతాయి.

పదో రోజుకు పిల్ల తొక్కేసింది. ఇక ఇచ్చేయాలి. అప్పుడొచ్చింది చిక్కు! నాకేమో ఇవ్వబుద్ధి కావడం లేదు. పొద్దున్నే నేను కూడా వీధి చివరి దాకా పోయి రావడం మొదలుపెట్టాను మరి. రెండు రోజులు ఆలోచించి ఎదురింటికి వెళ్ళాను. అక్క సైకిలు వాళ్ళ పెరట్లో నీళ్ళ ట్యాంకు పక్కన ఉంది. "పాత ఇనప సామాన్లకు వేద్దామనుకున్నా పిన్నీ, చేతులు రాలేదు" అన్నాడు వాళ్ళబ్బాయి. విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే బయటికి తీసి, నీళ్ళు కొట్టి కడిగాడు. సీటు కింద స్ప్రింగులో మడిచి దోపిన పాల ప్యాకెట్టు కవరు అలాగే ఉంది. పొద్దున మంచుకు సీటు తడవకుండా అక్క తొడిగేది అది. రిపేరుకు ఆ అబ్బాయే డబ్బులిచ్చాడు.

పిల్ల ఇప్పుడు ఆ సైకిలు మీద బడికి పోతోంది. పెళ్ళి మాట ప్రస్తుతానికి ఆగింది. ఎప్పటికీ ఆగిందని నేను చెప్పలేను, వాళ్ళమ్మతో నెలకోసారి వాదన అవుతూనే ఉంటుంది.

నా విషయానికొస్తే, మొదటి నెల మహా కష్టం. కోరిక వచ్చినంత మాత్రాన ఒళ్ళు ఊరుకోదు కదా. ఏడేళ్ళ అలవాటు ఉంది కాబట్టి ఒకేసారి సరస్సు దాకా పోవచ్చనుకుంటాం, మధ్యలో దిగి కూర్చోవాల్సి వస్తుంది, మర్నాడు మళ్ళీ ఎక్కబుద్ధి కాదు. అందుకని నేను దూరాన్ని పట్టించుకోలేదు. మొదటి వారం పాల బూతు దాకా. రెండో వారం మార్కెట్టు దాకా, ఆకుకూరలకు. పని ఉంటే కాళ్ళు కదులుతాయి, ఆడవాళ్ళం కదా, ఊరికే తిరిగి రావాలంటే మనకే మనసొప్పదు! రాత్రే గాలి చూసుకుని, సంచీ హ్యాండిలుకు తగిలించి, గేటు దగ్గర పెట్టేదాన్ని. పొద్దున లేచాక సైకిలు మీద నుంచి సామాన్లు తీయాల్సి వస్తే చాలు, ఆ రోజు ప్రయాణం తప్పిపోయినట్టే. టైరును బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. గాలి తగ్గిన సైకిలు తొక్కడం అంటే తిరగలి తిప్పడమే. ఎంత తొక్కినా ముందుకు పోదు, మనకే చేతకావడం లేదనిపిస్తుంది.

మా వైపు వాళ్ళకు గాలి సంగతి కూడా చెప్పాలి. చలికాలంలో ఈశాన్యపు గాలి వీస్తుంది. సరస్సు వైపు పోయేటప్పుడు ఎదురు, ఇంటికొచ్చేటప్పుడు వెనక నుంచి. పోయేటప్పుడు ఉసూరుమన్నా వచ్చేటప్పుడు ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది. అక్టోబరు నుంచి వానలు పట్టుకుంటే మాత్రం మొండికి పోవద్దు. డిసెంబరు దాకా వారాల తరబడి మానేయాల్సి వస్తుంది. ఆ వారాలను నేను లెక్కలోకే తీసుకోను. మామిడికాయలు లేని కాలంలో ఊరగాయ పెట్టలేదని ఎవరైనా బాధపడతారా?

షుగరు కొంత తగ్గింది. సైకిలు ఒక్కటే తగ్గించిందని చెప్పను, రాత్రి అన్నం తగ్గించి రాగి పిండితో ఏదో ఒకటి చేసుకుంటున్నాను, ఆ పుణ్యం ఎంతో తెలియదు. ఫ్లెమింగో పండగ కొన్నేళ్ళు ఆగిపోయి, 2025 జనవరిలో మళ్ళీ చేశారు. ఆ మూడు రోజులూ రోడ్డు నిండా బస్సులే, సైకిళ్ళకు చోటు లేదు. జనం వెళ్ళిపోయాక, ఆదివారం బడి లేదు కదా అని పిల్ల కూడా వస్తానంటే, ఇద్దరం నీళ్ళ మొదట్లో దాకా పోయాం. అక్క సైకిలు ముందు, నాది వెనక. ఫ్లాస్కు నా దగ్గరే. పక్షులు లేచినప్పుడు పిల్ల, "అబ్బ, లోపలంతా రోజా రంగు పెద్దమ్మా!" అంది. అక్క చెప్పిన రవిక గుడ్డ మాట చెప్పాను. పడీ పడీ నవ్వింది.

ఇంతకీ మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. చీరకు అంటిన చైను మరక పోతుందా అని కదూ? పోతుంది. నీళ్ళు మాత్రం ముందు తగలనివ్వకండి. మరక మీద నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసి వేలితో మెల్లగా రుద్ది పావుగంట ఉంచండి, నల్లటి జిడ్డు వదులవుతుంది. పాత గుడ్డతో అద్ది తీసేసి, గిన్నెలు తోమే సబ్బు రాసి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది వేడి నీళ్ళలో ఉతకండి. నూలు చీరకైతే బేఫికరు. పట్టు చీర కట్టుకుని సైకిలెక్కారంటే మాత్రం ఇక నన్నడక్కండి, డ్రైక్లీనింగు వాడి దగ్గరికి పోవలసిందే. చైను తుడవడానికి కిరసనాయిలు, అది దొరక్కపోతే కాస్త డీజిలు చాలు. తర్వాత మెషిను ఆయిలు చుక్క చుక్కగా వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. మరకలన్నీ ఆ మిగిలిన నూనె వల్లే.